బాబురావు నలభై ఒకటో నిమిషం

లాల్‌దర్వాజాలో బాబురావు మాట వినేవాళ్లు అందులో సగం తీసేసి వింటారు. బాగా తెలిసినవాళ్లు ముప్పాతిక తీసేస్తారు. ఆయన భార్య ఆండాలు మొత్తం తీసేసి, మిగిలినదానికి తల ఊపుతుంది.

అలాగని బాబురావు మోసగాడేమీ కాదు. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి మీదా చాడీలు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే విన్నవాడికి ఏం మిగులుతుందన్నది ఆయన బాధ. ఆ జబ్బు చిన్నప్పుడే పట్టుకుంది. వాళ్ల నాయన ఒక కాన్వెంటులో తోటమాలి. ఆ చనువుతో సిస్టర్లు పిల్లవాణ్ని బడిలో చేర్చుకున్నారు. మూడో తరగతిలో ఒకనాడు అబద్ధం చెప్పినందుకు సిస్టర్ గంటసేపు బెంచీ ఎక్కించి నిలబెట్టింది. ఇంటికి వచ్చి, క్లాసులో అందరికన్నా పైన నిలబెట్టారని చెప్పాడు. తల్లి మురిసిపోయి చేతిలో బెల్లం ముక్క పెట్టింది. అరవై ఏళ్లయినా ఆ రుచి నాలుక మీదినుంచి పోలేదు.

చదువయ్యాక కంచన్‌బాగ్‌లోని లోహాల ఫ్యాక్టరీలో పని దొరికింది. తోటివాళ్లు కొలుముల దగ్గర చెమటలు కక్కుతుంటే బాబురావుకు ట్రైనింగు హాలు అప్పజెప్పారు. కొత్తగా చేరినవాళ్లకు అక్కడ జాగ్రత్తల సినిమాలు చూపించేవారు. హెల్మెట్ పెట్టుకోనివాడి నెత్తిన ఇటుక పడే సినిమా, చేతికి తొడుగు లేనివాడి వేళ్లు కాలే సినిమా. అవి మొదట క్యాసెట్లలో వచ్చేవి, తర్వాత సీడీల్లో, ఆ తర్వాత పెన్‌డ్రైవుల్లో. సినిమా అదే, ఇటుకా అదే. డబ్బా మారినప్పుడల్లా మిషన్ మొరాయించేది. ఆఫీసర్లు ఖాళీ తెరవైపు చూస్తూ కూర్చుంటే బాబురావు వచ్చి దాన్ని బుజ్జగించేవాడు. రిటైరయ్యేనాటికి ఏ మిషన్ ఏ వీడియోను మింగుతుందో, దేన్ని ఉమ్మేస్తుందో ఆయనకు పూర్తిగా తెలిసిపోయింది.

ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ముందు గదిలో ఒక కంప్యూటరు, దాని పక్కన పాతబడిన రెండు ప్లేయర్లు, ఒక బుల్లి టీవీ. కొడుకు పెళ్లి వీడియో తమ టీవీలో ఆడటం లేదని ఒకరు, బిడ్డ ఓణీల ఫంక్షన్‌లో బొమ్మ వస్తుంది గానీ సౌండు రావడం లేదని ఒకరు, వీధిలో ఎవరో ఒకరు పెన్‌డ్రైవు పట్టుకుని వస్తూనే ఉంటారు. బాబురావు ఒక కప్పు చాయ్ పుచ్చుకుని పని చేసి పెడతాడు. పనికన్నా పనిని వివరించడం ఆయనకు ఇష్టం. వినేవాడి వృత్తినిబట్టి పోలిక మారుతుంది. ఫ్యాక్టరీ వాళ్లకు లోహం, అచ్చు అంటాడు. దర్జీకి గుడ్డ, సంచి అంటాడు. గౌలిపురలో పాడి ఉన్న నాగమణమ్మ మనవరాలి పుట్టినరోజు వీడియో తెచ్చినప్పుడు ఆమెకు ఇలా చెప్పాడు.

"వీడియో ఫైలంటే క్యాను అనుకో వదినె. లోపట బొమ్మ, సౌండు ఉంటయి. గీ క్యాను మూత మీ టీవీకి తియ్యొస్తలేదు, గంతే. నేను ఏం జేస్తనంటే, గీ క్యాన్లకెల్లి మీ టీవీకి అలవాటైన క్యాన్లకు వొంచుత. పాలు గవే. సుక్క తగ్గది, సుక్క పెరగది."

నాగమణమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. పాలు వొంచడంలో ఎక్కడ ఏం జరుగుతుందో ఆమెకు తెలియనిది లేదు.

ఈ నాగమణమ్మ భర్త ఎల్లయ్య. ఆయన పోయి ఇరవై ఏడేళ్లు దాటింది. గౌలిపురలో ఆయన పెంచిన దున్నపోతు నవాబు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేదాంట్లో ఎక్కువ భాగం బాబురావు చెప్పిందే.

దీపావళి వెళ్లాక వచ్చే సదర్ పండుగకు దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు నెమలీకలు కట్టి, గవ్వల దండలు వేసి ఊరేగిస్తారు. ముప్పై ఏళ్ల కింద ఒక సదర్ నాడు, ఊరేగింపుకు బయల్దేరబోయే ముందు, దొడ్డిలో ఎవరో పటాకా కాల్చారు. నవాబు బెదిరి తాడు తెంపుకుంది. ఇంతవరకూ నిజం. ఆ తర్వాత జరిగింది బాబురావు నోట ఏటికేడు ఎదిగింది. మొదటి ఏడు ఆయన ముకుతాడు దొరకబుచ్చుకుని ఆపాడు. అయిదేళ్లకు ముకుతాడు తెగిపోయి కొమ్ములు పట్టుకున్నాడు. పదేళ్లకు కొమ్ములూ అక్కర్లేకపోయాయి. ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి, కాన్వెంటు ఇంగ్లీషులో "సిట్ డౌన్" అన్నాడు. నవాబు పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లీషు విని ఎరగదు. కంగారుపడి కూర్చుంది.

ఈ కథకు ఒకే ఒక్క శత్రువు ఉన్నాడు. ఆయన డానియేలు, బాబురావుతోపాటే ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాడు. లారీలను, లోహపు దిమ్మలను తూచే కాంటా దగ్గర ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. ఏ మాటనైనా తూచకుండా లోపలికి పోనివ్వడు.

"మొదట ఎనిమిది నూర్ల కిలోలన్నవ్," అనేవాడు. "నీ బిడ్డ పెండ్లినాటికి టన్నాయె. ఇప్పుడు టన్నున్నర. సచ్చిపోయిన దున్నపోతు గింత బరువు పెరుగుడు నేను ఏడ జూడలే బాబురావు."

"పేరొచ్చినకొద్ది పెరుగుతది," అనేవాడు బాబురావు. "నీ కాంటాకు గది ఎరుకలేదు."

అలా సాగుతుండగా, మొన్న దీపావళికి పన్నెండు రోజుల ముందు ఒక పొద్దున నాగమణమ్మ మనవడు మహేందర్ వచ్చాడు. పాల వ్యాను నడిపే ఇరవై ఏడేళ్ల పిల్లవాడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.

"తాతా, మా అటక మీద పెట్టెల పాత క్యాసెట్ దొరికింది. కోఠిల దుకాణమోళ్లు గిండ్లకు ఎక్కిచ్చి ఇచ్చిండ్రు. టీవీకి పెడ్తే 'ఈ ఫైలు చెల్లదు' అంటున్నది. జర వొంచియ్యి."

"గదెంత పనిరా. ఏం క్యాసెట్?"

"సదర్‌ది. నవాబు పటాకాకు బెదిరినప్పటిది. నువ్వు పట్టుకున్నది గూడ ఉంటది గద."

బాబురావు చేతిలోని చాయ్ నోటిదాకా వచ్చి ఆగింది. ఆనాడు వీడియో తీసేవాడు వచ్చిన సంగతి ఆయనకు గుర్తే. పటాకా పేలగానే దొడ్డిలోని జనంతోపాటు వాడు కూడా పారిపోయి ఉంటాడన్న ధైర్యం మీదే ముప్పై ఏళ్లు బతికాడు.

"దీపావళి ముంగటి ఐతారం అందరిని పిలుస్తున్నం," అన్నాడు మహేందర్. "పగటి బువ్వ తిన్నంక మా తాత ఫోటో ముంగట పెట్టి ఆడిస్తం. డానియేలు తాత వస్తనన్నడు. నిన్ను దగ్గర కూసోవెట్టుకొని చూస్తడట."

"చూస్తడు, ఎందుకు చూడడు," అన్నాడు బాబురావు.

"ఇంకోటి. నాయనమ్మ ఏమన్నదంటే, తాత ఫోటో ముంగట ఆడేదాక ఎవ్వలు చూడొద్దట. ఎంగిలైతదట. నేను గూడ ఫోన్ల చూడలే."

"చూడకుంట ఎట్ల మార్చాలెరా?"

"గదే అడిగిన. పాలు వొంచెటోడు తాగుతడా అన్నది."

మహేందర్ వెళ్లిన అయిదు నిమిషాలకు బాబురావు తాగాడు.

వీడియో గంటకు రెండు నిమిషాలు ఎక్కువ. మొదట్లో అంతా దొడ్డి. నల్లగా నిగనిగలాడుతున్న నవాబు, దాని వీపు మీద నూనె రుద్దుతున్న ఎల్లయ్య, కొమ్ములకు రంగు, గవ్వల దండ. మూలన కుడితి గోలెం. గళ్ల అంగీ వేసుకుని, ఒత్తయిన జుట్టుతో, ఏ పనీ చేయకుండా అందరికీ సలహాలిస్తున్న ముప్పై ఎనిమిదేళ్ల బాబురావు. నలభయ్యో నిమిషందాకా ఆయనకు తన జుట్టు చూసుకోవడంతోనే సరిపోయింది.

నలభై ఒకటో నిమిషంలో పటాకా పేలింది. నవాబు తల విదిల్చింది. గళ్ల అంగీ దానివైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. అటు చూసింది, ఇటు చూసింది, చెప్పులు రెండూ పక్కన పద్ధతిగా విడిచింది, తల ముందుకు పెట్టి కుడితి గోలెంలోకి దూకింది. కాసేపు కాళ్లు మాత్రమే కనిపించాయి. తర్వాత తవుడు మెత్తిన తల ఒకటి పైకి లేచింది. వీడియో తీసేవాడు పారిపోలేదు సరికదా, కెమెరాను ఆ తల దగ్గరికి జరిపాడు.

బాబురావు ఆపేశాడు.

వంటింట్లోంచి వచ్చిన ఆండాలు ఆయన మొహం చూసి, "ఏమాయె, గట్ల గూసున్నవ్?" అంది.

"డబ్బా సక్కగ లేదు."

"నీదా, వీడియోదా?" అని ఆమె జవాబు కోసం ఆగకుండా బియ్యం చెరగడానికి వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్ల కథ ఒక గోలెంలో మునిగిపోవడానికి ఇంకా పది రోజులున్నాయి. కథ పోతే బాబురావుకు మిగిలేదేమిటి? ఒక పింఛను, ఒక మోకాలి నొప్పి. వీధి మొగలో ఆయన కనబడగానే "రా బాబురావన్నా" అని అరుగు మీద చోటిచ్చేవాళ్లు ఆ కథకు చోటిస్తున్నారు గానీ మోకాలికి కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

మొదటి ఉపాయం చిన్నది. ఫైలు లోపలిదాన్ని ముట్టుకోకుండా పేరు చివరి మూడక్షరాలు మాత్రం మార్చి ఇచ్చేశాడు. క్యానుకు కొత్త చీటీ అంటించినట్టు. టీవీ చీటీ చదివి, మూత తియ్యబోయి, మళ్లీ మొరాయించింది. మర్నాడే మహేందర్ పెన్‌డ్రైవు తిరిగి తెచ్చాడు.

"మీ టీవీకి వయసైపోయిందిరా," అన్నాడు బాబురావు.

"పుట్టినరోజుది ఆడింది గద తాతా."

"పుట్టినరోజంటే పసిపిల్లది. గిది దున్నపోతు."

రెండో ఉపాయానికి రెండు రోజులు ఆలోచించాడు. ఈసారి నిజంగానే కొత్త డబ్బాలోకి వొంచాడు, కాకపోతే నలభయ్యో నిమిషం దగ్గర వొంచడం ఆపేశాడు. క్యాసెట్టు అక్కడే అరిగిపోయిందని చెప్పవచ్చు. పాత క్యాసెట్టు మీద నింద వేస్తే అది మాట్లాడదు. పెన్‌డ్రైవు పంపించి ఆ సాయంత్రం కాస్త నిమ్మళంగా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు పదింటికి ఇంటి ముందు పాల వ్యాను ఆగింది. మహేందర్‌తోపాటు నాగమణమ్మే దిగింది. డెబ్బై రెండేళ్ల మనిషి, పిడికెడంత ఉంటుంది, దొడ్డిలో పది బర్రెలు ఆమె గొంతు వింటే తోక ఆడించడం ఆపేస్తాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"చెప్పురా," అంది మనవడితో.

"నేను ఇచ్చినప్పుడు పంతొమ్మిది నూర్ల ఎంబీలుండె తాతా. ఇప్పుడు జూస్తే పన్నెండు నూర్లే ఉన్నది," అన్నాడు మహేందర్. "లోపటిది చూడలే. బరువే చూసిన."

"సుక్క తగ్గదన్నవ్ గద తమ్మీ," అంది నాగమణమ్మ. "ఏడు నూర్లు ఏడ వాయె?"

బాబురావు మెదడు ఎన్నడూ ఇంత వేగంగా పరుగెత్తలేదు, దున్నపోతు ముందు కూడా. "నురగ వదినె," అన్నాడు. "నురగ తీసేసిన."

"యాభై ఏండ్ల సంది పాలు వోస్తున్న. శేరు పాల మీద గంత నురగ నేనెన్నడు జూడలే." ఆమె మనవడివైపు తిరిగింది. "నువ్వు వొయ్యి బండి కాడ నిలవడు."

మహేందర్ వెళ్లాక ఆమె కుర్చీలో కూర్చుంది. "ఎంగిలి జేసినవ్," అంది మెల్లగా.

"లే వదినె. కండ్లు మూసుకునే వొంచిన."

"కండ్లు మూసుకున్నోనికి ఏడ కొయ్యాల్నో ఎట్ల తెలుస్తది? నీకు కోసే జాగ ఇంకేడున్నది? గోలెం దాక వొయ్యి ఆగినవ్."

బాబురావు ఒక గుడ్డ తీసుకుని, దుమ్ము లేని కంప్యూటరును తుడవడం మొదలుపెట్టాడు.

"నవాబును పట్టింది నేను," అంది నాగమణమ్మ. "పిడికెడు బెల్లం చూపిస్తే కుక్క లెక్క వెంబడి వచ్చింది. నీ నెత్తిల తవుడు కడిగింది గూడ నేనే. నువ్వు మరిచిపోయినవేమో, నేను మరిచిపోతనా?"

"మరి ముప్పై ఏండ్ల సంది ఒక్కనాడన్న అనకపోతివి?"

"మా ఆయిన వద్దన్నడు. చెప్పనియ్యే, వాడు చెప్పినకొద్ది మన నవాబు పెద్దగైతుంది అన్నడు. నీ కత ఇని కంచన్‌బాగ్ క్వార్టర్లకెల్లి దున్నపోతును చూడనీకె వచ్చిండ్రు. వచ్చినోళ్లు పాలు గూడ కట్టిచ్చుకున్నరు. ఇంక నాకేం నొప్పి?" ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "గోలెం అయినంక మా ఆయిన ఏదో అన్నడు, నవ్విండు. గది క్యాసెట్ల పడ్డది. అప్పట్ల ఒక్కపారి ఇన్న. ఆయిన ఫోటోలు మూడున్నయి తమ్మీ. గొంతు మాత్రం గదొక్కటే. మహేందర్ కడుపుల ఉన్నప్పుడే ఆయిన పాయె. పోరనికి తాత గొంతు ఎట్లుంటదో ఎరుకలేదు. గది కోసినవ్ నువ్వు."

బాబురావు చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

"గోలెం ఉంచుతవో తీస్తవో నీ ఇష్టం," అంది నాగమణమ్మ లేస్తూ. "గొంతు నాకు గావాలె. ఐతారం."

ఆమె వెళ్లాక ఆయన మొదటిసారిగా నలభై ఒకటో నిమిషం దాటి చూశాడు. గోలెంలోంచి తల లేచింది. అప్పుడు కెమెరా వెనకనుంచో పక్కనుంచో, మనిషి కనబడకుండా, ఎల్లయ్య గొంతు వచ్చింది.

"బాబూ, నువ్వు గండ్లనే ఉండు తమ్మీ. నువ్వు బయటికొస్తే నవాబు బెదురుతది."

ఆ వెంటనే నవ్వు. పొట్ట పట్టుకుని, ఊపిరి అందక, మధ్యలో దగ్గి, మళ్లీ మొదలుపెట్టిన నవ్వు.

బాబురావు కుర్చీలో వెనక్కి వాలాడు. నవాబు తనను చూసి బెదిరిందన్న మాట లోకంలో మొట్టమొదట అన్నవాడు ఎల్లయ్యే. ఆ మాటనే మర్నాడు తాను ఇంటికి తెచ్చుకుని, కడిగి, ఆరబెట్టి, ముప్పై ఏళ్లు తొడుక్కు తిరిగాడు.

అయితే గొంతు, గోలెం ఒకేచోట ఉన్నాయి. ఇంకొకడైతే ఇక్కడ చేతులెత్తేసేవాడు. బాబురావుకు మాత్రం డబ్బాలో బొమ్మ వేరు, సౌండు వేరని తెలుసు. గోలెం ఉన్నంతమేరకు బొమ్మను ఎత్తేశాడు. దాని చోట అంతకుముందు నవాబు తాపీగా నెమరు వేస్తున్న బొమ్మ తెచ్చి పరిచాడు. కింద ఎల్లయ్య గొంతు అలాగే ఉంచాడు. "బాబూ" అన్న మాట నవాబు మీదుగా పోయింది. అతుకు కనబడలేదు. డానియేలు కాంటా కూడా పట్టుకోలేని పని. అందరికీ గొంతు దక్కుతుంది, ఆయనకు కథ దక్కుతుంది. ఆండాలు చాయ్ తెచ్చి ఇచ్చి వెళ్లింది. ఆయన చాయ్ తాగుతూ మొదటినుంచి మళ్లీ వేసుకున్నాడు.

నవాబు నెమరు వేస్తోంది. ఎల్లయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వుతున్నాడు? దున్నపోతు నెమరు వేస్తే ఎవరైనా అలా నవ్వుతారా? మళ్లీ వేశాడు. ఇప్పుడు ఎల్లయ్య కాస్త మతి తప్పినవాడిలా వినిపించాడు. మూడోసారి వేసేసరికి బాబురావుకు ఒళ్లు మండింది. జన్మంతా కథలు చెప్పి బతికిన మనిషి ఆయన. ఇంతమంచి మాటకు, ఇంతమంచి నవ్వుకు ముందుండాల్సినదాన్ని ఎవడో మూర్ఖుడు కోసేశాడు. ఆ మూర్ఖుడు తానే అయినా సరే, క్షమించలేకపోయాడు. తాను ఎన్ని కథలు చెప్పినా, దేన్నీ ఇంత చచ్చుగా చెప్పలేదు.

"ఆండాలూ," అని పిలిచాడు. "నేను గోలెంల దుంకినట్టు నీకెవరన్న చెప్పిండ్రా?"

"చెప్పాల్నా?" అంది ఆమె లోపలినుంచి. "గా అంగీ పిండింది ఎవరు?"

ఆయన నవాబును ఎత్తేసి గోలెం బొమ్మను మళ్లీ దాని చోట పెట్టాడు. మొత్తం గంటా రెండు నిమిషాలూ, చుక్క పోకుండా, కొత్త డబ్బాలోకి వొంచాడు. నాగమణమ్మ టీవీ వయసే ఉన్న తన బుల్లి టీవీలో పెట్టి చూస్తే బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు. కోఠీలో సౌండును ఏ తీరున ఎక్కించారో, ఆ తీరు ఈ కాలపు మిషన్లకే తెలుసు. బొమ్మను వొంచితే సరిపోయింది గానీ సౌండును మాత్రం మళ్లీ కాచాలి. పొంగిపోకుండా, అడుగంటకుండా, ఎల్లయ్య దగ్గు కూడా పోకుండా నాలుగుసార్లు కాచి చూశాడు. నాలుగోసారి ఆ గొంతు ముందు గదిలో నిండుగా పలికింది.

శనివారం మహేందర్ పెన్‌డ్రైవు తీసుకోవడానికి వచ్చి ఫోన్లో బరువు చూశాడు. "యాభై తగ్గింది తాతా. నాయనమ్మ అడుగుతది."

"ఈ యాభై మాత్రం నిజంగ నురగనేరా. చెప్పు పో."

ఆదివారం మధ్యాహ్నం నాగమణమ్మ ఇంట్లో భోజనాలయ్యాయి. టీవీ ఎదురుగా పీట మీద ఎల్లయ్య ఫోటో, దానికి బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టి, హారతి ఫోటోకూ టీవీకీ ఇచ్చారు. ఇరుగుపొరుగు కింద చాపల మీద కూర్చున్నారు. డానియేలు అన్నమాట ప్రకారం బాబురావును పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు.

టీవీ ఏ పేచీ పెట్టకుండా మూత తీసింది. నవాబు తెర మీదికి రాగానే అందరూ దండం పెట్టారు. నూనె, రంగు, గవ్వలు. ముప్పై ఆరో నిమిషంలో బాబురావుకు నీళ్లు తాగాలనిపించింది. ముప్పై ఎనిమిదో నిమిషంలో లేవబోయాడు. వెనకనుంచి ఆండాలు అంగీ కొస పట్టుకుంది.

"కూసో," అంది. "టన్నున్నర దున్నపోతును పట్టినోనివి, టీవీకి భయపడ్తవా?"

పటాకా పేలింది. గళ్ల అంగీ అటు చూసి, ఇటు చూసి, చెప్పులు విడిచి దూకింది.

నవ్వు మొదట ఆడవాళ్ల వైపునుంచి లేచి, చాపలన్నీ దాటి, గడప దగ్గర నిలబడ్డవాళ్లదాకా వెళ్లింది. డానియేలు ఒక్కడే నవ్వలేదు. తీరిగ్గా బాబురావువైపు తిరిగి, "సిట్ డౌన్ అన్నవ్ గద," అన్నాడు. "నువ్వు చెప్పింది నువ్వే ఇని కూసున్నట్టున్నవ్."

ఆ వెంటనే టీవీలోంచి ఆ గొంతు వచ్చింది. బాబూ, నువ్వు గండ్లనే ఉండు తమ్మీ.

నవ్వులన్నీ ఆగిపోయాయి. ఎల్లయ్య ఒక్కడే నవ్వుతున్నాడు. మహేందర్ ముందుకు వంగి, ఫోటోను చూసి, టీవీని చూశాడు.

"గిదేనా నాయనమ్మా?"

"గిదే," అంది నాగమణమ్మ. "మల్ల వెట్టు."

రిమోట్‌తో వెనక్కి తిప్పితే ఆ టీవీ కావలసినచోట ఆగదు. తనకు తోచినంత వెనక్కి పోతుంది. పటాకాకు కొంచెం ముందు ఆగింది. బాబురావు మళ్లీ చెప్పులు విడిచి మళ్లీ దూకాడు. మళ్లీ గొంతు, మళ్లీ నవ్వు. "మల్ల వెట్టు," అంది నాగమణమ్మ. మూడోసారికి పక్కింటివాళ్లు కూడా కిటికీ దగ్గర చేరారు. అయిదోసారికి జనం బాబురావు కాళ్లు ఎంతసేపు పైన ఉంటాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఏడోసారి డానియేలుకే జాలి కలిగింది. చెవి దగ్గరికి వంగి, "బాబురావు, గా మాటొక్కటి వేరే ముక్క జేసి ఇయ్యరాదు?" అన్నాడు. "నీకు రెండు నిమిషాల పని. ఇంకెన్నిసార్లు పడ్తవ్ గోలెంల?"

బాబురావు నాగమణమ్మను చూశాడు. ఆయన దూకగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది, భుజాలు కదులుతున్నాయి. ఆ నవ్వు పూర్తయ్యేలోగా టీవీలో ఎల్లయ్య నవ్వు అందుకుంటోంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఒకేదాన్ని చూసి, ఒకే వేళకు, ఇరవై ఏడేళ్ల తర్వాత కలిసి నవ్వుతున్నారు.

"గీ టీవీల ముక్కలు ఆడయి డానియేలూ," అన్నాడు బాబురావు, ట్రైనింగు హాల్లో ఆఫీసర్లకు చెప్పిన గొంతుతో. "పాత మిషన్. మొత్తం క్యాను వెడ్తెనే మూత తీస్తది."

డానియేలు ఆ మాటను ఎంతసేపో తూచాడు. చివరికి దాన్ని అలాగే పోనిచ్చాడు.

మహేందర్ ఎనిమిదోసారి వెనక్కి తిప్పాడు. తెర మీద గళ్ల అంగీ అటూ ఇటూ చూస్తోంది.

"జర సౌండు పెంచురా," అన్నాడు బాబురావు.